మూర్ఛ, బద్దెపురుగు, డి.ఎన్.ఏ. పరీక్ష

తరగతిలో బాలుడొకడు మూర్ఛ వచ్చి పడిపోయినచో "గాలి సోకినది" అని చేతిలో తాళపుచెవులు పెట్టువారు నేటికిని కలరు. ఆడపిల్లయైనచో పెండ్లికి అడ్డగునను భయమున ఆ మాటయే దాచు తల్లిదండ్రులును కలరు. మన దేశమున మూర్ఛకు ముఖ్య కారణములలో నొకటి బద్దెపురుగు. దానిని గుర్తించు విధమును తెలిసికొన్నచో ఈ భయము కొంత తీరును.

సరిగా ఉడకని పందిమాంసముతో ఈ పురుగు తిత్తులు కడుపున చేరినచో, పేగులలో పురుగు పెరుగును. దాని గ్రుడ్లు ఆ మనుష్యుని మలముతో వెలువడును. కడుగని చేతులు, కలుషితమైన నీరు, పచ్చికూరల ద్వారా అవి ఇతరుల కడుపున చేరినచో, వానినుండి వచ్చిన పిల్లపురుగులు రక్తముతో మెదడునకు పోయి తిత్తులు కట్టును. కావున మాంసము ముట్టని యిండ్లలోను ఈ వ్యాధి రావచ్చును.

స్కానింగులో ఈ తిత్తియు, క్షయవలన నేర్పడు గడ్డయు ఒక్కొక్కప్పుడు ఒకే విధముగా కన్పట్టును. రెంటి చికిత్సలు మాత్రము వేరు. సాధారణముగా వైద్యులు స్కానింగును, రక్తపరీక్షలను, రోగ లక్షణములను కలిపి నిర్ణయింతురు. సందేహము తీరక శస్త్రచికిత్సచే చిన్న ముక్క తీసినను, పురుగు శిథిలమైయున్నచో సూక్ష్మదర్శినిలో దాని ఆకారము తెలియకపోవచ్చును.

అట్టిచోట డి.ఎన్.ఏ. పరీక్ష తోడ్పడును. ఆకారము చెడినను పురుగు డి.ఎన్.ఏ. కొంత మిగిలియుండవచ్చును. 1983లో కేరీ మల్లిస్ కనిపెట్టిన పి.సి.ఆర్. పద్ధతిచే అందలి చిన్న భాగమును కోట్లకొలది ప్రతులుగా పెంచి, తెలిసిన జాతులతో పోల్చుదురు. కోవిడ్ కాలమున మన ముక్కులనుండి తీసిన నమూనాలకు జరిగినదియు ఈ కోవకు చెందిన పరీక్షయే. బ్రిటనులో ఒక రోగి మెదడునుండి తీసిన కణజాలమునందలి డి.ఎన్.ఏ.ను చదివి, అది ఆ దేశమున అంతకుముందు కానరాని వేరొక జాతి బద్దెపురుగని 2014లో ప్రకటించిరి. అయినను నమూనాలో డి.ఎన్.ఏ. చెడిపోవుట కలదు; పరీక్షలో కానరానంత మాత్రమున పురుగు లేదని చెప్పరాదు.

పిల్లలలో అనేకులకు మెదడు ముక్క తీయవలసిన పనియే యుండదు, మందులతోనే నయమగును. మెదడు వ్యాధులకు పేరొందిన నిమ్హాన్స్ మన బెంగళూరులోనే కలదు. మూర్ఛ వచ్చిన బిడ్డను ప్రక్కకు ఒత్తిగిలజేయుడు. నోటిలో ఏమియు పెట్టకుడు. వెంటనే వైద్యునికి చూపుడు. వైద్యుడు చెప్పక మందు మానకుడు. మలవిసర్జన పిమ్మటను, భోజనమునకు ముందును సబ్బుతో చేతులు కడుగుట అలవరచుడు. ముఖ్యముగా, పాఠశాలకు దాచక తెల్పుడు. తెలిసిన ఉపాధ్యాయుడు ఆ క్షణమున బిడ్డను కాపాడగలడు.