మీకు తెలుసా? పరగడుపు రక్తం వేరు, తిన్నాక రక్తం వేరు

పానగల్ నుంచో, ఖిల్లా ఘనపూర్ నుంచో తెల్లారగట్ల బస్సెక్కి రక్త పరీక్షకు వనపర్తి వచ్చేవాళ్లలో చాలామంది బస్టాండులో దిగగానే ఒక చాయ్ తాగుతారు. "తినొద్దన్నరు గని, చాయ్ తాగొద్దనలేదు గద" అంటారు. ఆ చాయ్‌లో చక్కెర ఉంది, పాలున్నాయి. అరగంటకు సూది గుచ్చేసరికి ఆ తీపి రక్తంలోకి చేరిపోయి ఉంటుంది. పరగడుపు షుగర్ 100 లోపుంటే మామూలు, 126 లేదా ఆపైన ఉంటే మధుమేహం కింద లెక్క. అంచున ఉన్న మనిషిని గీత దాటించడానికి ఆ చాయ్ చాలు. పరగడుపంటే కనీసం 8 గంటలు నీళ్లు తప్ప ఇంకేమీ ముట్టకపోవడం. నీళ్లు మాత్రం తాగండి. ఒళ్లు ఎండిపోతే నరం దొరకదు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆ పొద్దున వాటిని ఎప్పుడు తీసుకోవాలో డాక్టరును ముందురోజే అడగాలి. మందు పడి తిండి పడకపోతే దారిలోనే కళ్లు తిరుగుతాయి.

తిన్నాక షుగర్‌కు చెప్పే 2 గంటలు చెయ్యి కడుక్కున్నప్పటి నుంచి కాదు, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి.

మరి 'మూడు నెలల షుగర్'? దానికి తిండితో పనే లేదు. ఎర్ర రక్తకణం బతికేది సుమారు 120 రోజులు. అన్నాళ్లూ రక్తంలో తిరిగే చక్కెర దానిలోని హిమోగ్లోబిన్‌కు అంటుకుంటూ పోతుంది. ఇవాళ తిన్న రెండు ఇడ్లీలు ఆ లెక్కను మార్చలేవు. అయితే రక్తం తక్కువ ఉన్నవాళ్లకు ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

కొవ్వు పరీక్ష కథ ఇంకా వింత. రక్తాన్ని గొట్టంలో వేసి తిప్పితే పైన లేత పసుపు నీరు తేరుతుంది. నూనెలో మునిగిన పూరీలు తిని వచ్చిన మనిషి రక్తంలో అదే నీరు గంజిలా తెల్లబడవచ్చు. తిన్న కొవ్వు ట్రైగ్లిజరైడ్ల రూపంలో రక్తంలో ఈదుతూ, 3-4 గంటలకు బాగా పెరిగి, తర్వాత మెల్లగా దిగుతుంది. రాత్రి పట్టించిన కల్లు కూడా ఆ అంకెను పెంచుతుంది. చెడు కొవ్వు అని మనం భయపడే ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, 1972లో ఫ్రీడ్‌వాల్డ్ ఇచ్చిన సూత్రంతో లెక్కగడతారు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి మంచి కొవ్వును, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతును తీసేయగా మిగిలింది ఎల్‌డీఎల్. పూరీలతో ట్రైగ్లిజరైడ్లు పెరిగితే తీసేసేది పెరుగుతుంది, చెడు కొవ్వు ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది! ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ సూత్రం అసలు పనికిరాదు. అయినా మామూలు పరీక్షకు తిని వచ్చినా ఫర్వాలేదని 2016లో యూరప్ నిపుణులు తేల్చారు. మనిషి రోజులో ఎక్కువసేపు తిన్న కడుపుతోనే ఉంటాడు కదా, ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది. కానీ అప్పుడు ట్రైగ్లిజరైడ్లకు హద్దు 150 కాదు, 175. తిన్నారో లేదో తెలియకుండా ఏ హద్దుతో పోల్చాలి?

దావత్‌లో మటన్ తిని సాయంత్రం కిడ్నీ పరీక్షకు వెళ్తే క్రియాటినిన్ పెరిగి కనిపిస్తుంది. మాంసంలోని క్రియాటిన్ పొయ్యి మీద ఉడికేటప్పుడు కొంత క్రియాటినిన్‌గా మారుతుంది, అదే రక్తంలోకి వస్తుంది. కిడ్నీలకు ఏమీ కాలేదు. లివర్ పరీక్షలో ఉండే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్‌కైతే బ్లడ్ గ్రూపుతోనూ లంకె ఉంది. కొవ్వు భోజనం తర్వాత ఓ, బీ గ్రూపుల వాళ్లలో చాలామందికి పేగుల నుంచి వచ్చి అది పెరుగుతుంది.

ఉపవాసం మితిమీరినా అంకె మారుతుంది. శివరాత్రి ఒక్కపొద్దు తర్వాత కొందరికి బిలిరుబిన్ కాస్త పెరుగుతుంది. గిల్బర్ట్ అనే పుట్టు స్వభావం ఉన్నవాళ్లలో ఇది మామూలే, హాని లేదు. ఒక్క రిపోర్టు చూసి కామెర్లని పసరు మందుకు పరుగెత్తకండి. కడుపునిండా తిని, మళ్లీ ఒకసారి చేయించండి.

రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రపంచమంతా ల్యాబుల్లో అది వాడుకలోకి వచ్చింది. ఆ భాస్వరమూ భోజనానికి తలవంచుతుంది. అన్నం, తీపి తిన్నాక ఇన్సులిన్ దాన్ని కణాల్లోకి తోస్తుంది, రక్తంలో తగ్గుతుంది.

2021 జూన్‌లో తెలంగాణ డయాగ్నస్టిక్స్ కేంద్రాలు 19 జిల్లాలకు వచ్చాయి, మన పక్క గద్వాలకూ ఒకటి వచ్చింది. పరీక్షలు ఉచితం కావడంతో ఇప్పుడు పల్లె నుంచి కూడా రక్తం ల్యాబుకు చేరుతోంది. అక్కడ అంకె చూసేవాళ్లకు మీరు బస్టాండులో తాగిన చాయ్ కనిపించదు. కోప్పడతారని దాచకండి. చివరి ముద్ద ఎన్నింటికి తిన్నారో, ఏం తిన్నారో, ఏం తాగారో రక్తం తీసే సిస్టర్‌కు చెప్పి చీటీ మీద రాయించండి.