ఇంటికి చిన్న జనరేటర్: కొనే ముందు ఈ లెక్క చూసుకోండి

మాది సంగారెడ్డి జిల్లా కంది మండలం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. అయినా ఎండాకాలంలో గాలిదుమారం లేచి చెట్టుకొమ్మ తీగల మీద పడిందంటే మళ్లీ కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం. "అన్నా, ఇంటికి ఏ జనరేటర్ తీసుకోమంటావ్?" అని చాలామంది అడుగుతున్నారు. పైన వీడియోలో చెప్పిన లెక్కలే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు ఏమేం నడవాలో రాసుకోండి

జీవామృతం కలపడానికి కరెంటు అక్కర్లేదు, కట్టె చాలు. పాలు పెట్టే ఫ్రిజ్ 150 వాట్లు, మూడు ఫ్యాన్లు 225, ఆరు ఎల్‌ఈడీ బల్బులు 54, ఫోన్లు, వైఫై కలిపి 50. మొత్తం సుమారు 480 వాట్లు. కానీ ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయ్యే క్షణంలో నాలుగైదు రెట్లు లాగుతుంది. అప్పుడు లోడు దాదాపు 1,100 వాట్లు అవుతుంది.

2 కేవీఏ జనరేటర్ అంటే 0.8తో గుణించి 1,600 వాట్లు అనుకోండి. ఈ ఇంటికి అది సరిపోతుంది. అయితే మిషన్ మీద రెండు అంకెలు ఉంటాయి. గరిష్ఠం అంకె కాదు, గంటల తరబడి ఇవ్వగలిగిన అంకె చూసి కొనండి.

మోటరు సంగతి వేరు

1 హెచ్‌పీ అంటే 746 వాట్లు. నష్టాలు కలిపితే మోటరు సుమారు 1,000 వాట్లు తీసుకుంటుంది, స్టార్టింగ్‌లో మూడు రెట్లు, అంతకన్నా ఎక్కువే కావాలి. దానికి 5 కేవీఏ ఉండాలి. ఇక 5 హెచ్‌పీ త్రీఫేజ్ బోరు మోటరు ఈ చిన్న పెట్రోల్ జనరేటర్లతో కాదు, ఆశ పెట్టుకోవద్దు. కరెంటు ఉన్నప్పుడే ట్యాంకు నింపి పెట్టుకోవడం అన్నిటికన్నా చవక.

ఖర్చు: 2 కేవీఏ జనరేటర్ సగం లోడు మీద గంటకు అర లీటరుకు తక్కువ తాగదు. వచ్చేది 0.8 యూనిట్. పెట్రోల్ లీటరు వంద దాటింది కాబట్టి యూనిట్‌కు 60 రూపాయల పైనే పడుతుంది. రెండు మూడు గంటల కోతకైతే బ్యాటరీ ఇన్వర్టరే మేలు. రోజంతా పోయే ఊళ్లకే జనరేటర్.

ఈ రెండు మాత్రం మరవొద్దు

ఒకటి, పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వరండాలో, పశువుల కొట్టంలో పెట్టొద్దు. తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట పెట్టండి. పొగగొట్టం ఇంటివైపు ఉండొద్దు.

రెండు, చేంజోవర్ స్విచ్. కొందరు వైరుకు రెండు వైపులా ప్లగ్గు పెట్టి గోడ సాకెట్‌లో గుచ్చుతారు. మెయిన్ ఆపడం మరిచారా, ఆ కరెంటు వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్‌లో 11,000 వోల్టులుగా మారొచ్చు. లైన్ చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన లైన్‌మన్ బతకడు. మన ఇంట్లో ఫ్యాన్ తిరగడానికి ఇంకొకరి ఇంట్లో దీపం ఆరిపోవద్దు. ఎలక్ట్రీషియన్‌తో చేంజోవర్ స్విచ్, ఎర్తింగ్ పెట్టించాకే స్టార్ట్ చేయండి.

ఇంజన్ చల్లారాకే పెట్రోల్ పోయండి. నెలకోసారి పది నిమిషాలు లోడు మీద నడపండి. వాడకుండా పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి.

మీ ఇంట్లో ఏమేం నడవాలో, ఎన్ని వాట్లో కింద కామెంట్‌లో రాయండి. ఎన్ని కేవీఏ కావాలో కలిసి లెక్కేద్దాం.