మెమరీ టానిక్ కొనేముందు
ఇంట్లో పెద్దాయనకు మరుపు ఎక్కువైందని, రూ.4,000 ఎన్టీఆర్ భరోసా పింఛనులో సగం మెమరీ టానిక్‌కే పోతోందా? కాస్త ఆగండి. ఇలాంటివాటిలో ఎక్కువగా వాడే జింకో బిళ్లలను అమెరికాలో 3,000 మందికి పైగా వృద్ధులతో ఏళ్లపాటు పరీక్షించారు. 2008లో ఫలితం వచ్చింది: డిమెన్షియా తగ్గలేదు. పైగా రక్తం పలచబడే మందు వాడేవాళ్లకు రక్తస్రావం ముప్పు.

బి12 సంగతి వేరు. అది తగ్గితే నిజంగానే మరుపు వస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి. గుడ్డు, మాంసం ముట్టనివాళ్లు, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లు ఈ రక్తపరీక్ష గురించి పీహెచ్‌సీ డాక్టరుగారిని అడగండి. థైరాయిడ్ కూడా చూడమనండి. లోపం తేలితే బిళ్లో సూదో ఆయనే రాస్తారు.

70 నిండినవాళ్ల ఆయుష్మాన్ వయ వందన కార్డు ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. షాపులో కొన్న టానిక్‌కు పైసా రాదు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ఎల్డర్‌లైన్ 14567కు ఫోన్ చేయండి, ఉచితం.