పత్తి చేలో క్రాసింగ్, బడిలో తకిలీ: పని ఎప్పుడు చదువవుతుంది?

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో సీడ్ పత్తి వేసే ఊళ్లలో 'క్రాసింగ్' అంటే ఏమిటో ఎవరికీ చెప్పక్కర్లేదు. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే గుర్తుపట్టి, దాని రేకులను, కేసరాలను జాగ్రత్తగా ఒలిచేయాలి. మధ్యలోని కీలానికి దెబ్బ తగలకూడదు. తెల్లవారాక మగ వరుసల నుంచి పూలు తెచ్చి, ఆ కీలం కొసకు పుప్పొడి రాయాలి. సీజను పొడవునా రోజూ ఇదే పని. 1990ల చివర, 2000ల మొదట్లో ఈ పనిలో పెద్ద సంఖ్యలో కనిపించినవాళ్లు బడి మానేసిన ఆడపిల్లలు. వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయి, మొక్క ఎత్తుకు సరిపోతారు అని కారణం చెప్పేవారు. అసలు కారణం వాళ్లకు ఇచ్చే కూలి తక్కువ కావడం.

పుష్పంలో పరాగ సంపర్కం గురించి హైస్కూలు సైన్సు పుస్తకంలో ఒక పాఠం ఉంటుంది. ఆ పాఠంలో బొమ్మ గీసి చూపించేదాన్ని ఈ పిల్లలు రోజూ వందల పూలమీద స్వయంగా చేశారు. అయినా కేసరాలు ఎందుకు తీసేస్తున్నామో, తీయకపోతే ఏమవుతుందో, రెండు రకాలను ఎందుకు కలుపుతున్నామో అడిగే వీలు వాళ్లకు లేదు. పని చేస్తే బుద్ధి వికసిస్తుందన్నది అంత తేలిగ్గా నిజమయ్యే మాటైతే, ఆ చేలల్లోంచి వృక్షశాస్త్రవేత్తలు పుట్టుకొచ్చి ఉండాలి.

బడిలో పనికి చోటు ఉండాలన్న వాదన ఇప్పుడు మళ్లీ బలం పుంజుకుంటోంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల పిల్లలకు 'సంచీ లేని' పది రోజులు ప్రతిపాదించింది. ఆ రోజుల్లో వాళ్లు స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల దగ్గర పని నేర్చుకోవాలి. ఆలోచన మంచిదే. కానీ దీని వెనుక దాదాపు తొంభై ఏళ్ల చర్చ ఉంది. దాన్ని మరిచిపోతే పాత పొరపాట్లే మళ్లీ జరుగుతాయి.

1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన సదస్సులో గాంధీ తన విద్యా ప్రణాళికను చర్చకు పెట్టారు. 7 నుంచి 14 ఏళ్ల వరకు నిర్బంధ ఉచిత విద్య, మాతృభాషలో బోధన, ఒక చేతివృత్తి చుట్టూ మొత్తం చదువు. నయీ తాలీమ్‌గా పేరుపడింది ఇదే. ఉదాహరణకు తకిలీనే తీసుకుందాం. పత్తి ఏకు పట్టుకొని తకిలీ తిప్పే పిల్లవాడికి పురి తక్కువైతే దారం తెగుతుంది, ఎక్కువైతే మెలికలు పడుతుంది. తప్పు జరిగిందని మాస్టారు చెప్పే పని లేదు, దారమే చెబుతుంది. ఇక లెక్క ఉండనే ఉంది. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను బరువు తూగుతాయో అదే ఆ నూలు కౌంటు. 20 కౌంటు నూలంటే పౌనుకు 16,800 గజాలు. దారం సన్నబడేకొద్దీ కౌంటు ఎందుకు పెరుగుతుందో వేళ్లతో పట్టుకొని చూసిన పిల్లవాడికి విలోమానుపాతం కంఠస్థం చేయాల్సిన సూత్రం కాదు.

ఇందులో స్వతంత్ర ఆలోచనకు మూలం ఎక్కడుందో గమనించాలి. బడిలో తప్పొప్పులు తేల్చేది సాధారణంగా మాస్టారు, లేదా పుస్తకం చివరి పేజీలోని జవాబు. పనిలో తేల్చేది వస్తువు. దానికి హోదా తెలియదు, కులం తెలియదు, బతిమాలితే వినదు. తన అంచనా తప్పిందని ఎవరూ చెప్పకుండానే తెలుసుకొని, పద్ధతి మార్చి, మళ్లీ చూసుకోవడం పిల్లవాడికి అలవాటైతే, ఎవరో చెప్పారు కాబట్టి నమ్మేయడం తగ్గుతుంది.

అయితే పత్తి చేలో ఆడపిల్లకు ఆ అవకాశం ఎందుకు లేదు? దానికి జవాబు దొరికేది గాంధీతో విభేదించినవాళ్ల దగ్గర. వార్ధా సదస్సుకు పన్నెండేళ్ల ముందే, 1925లో, రవీంద్రనాథ్ టాగూర్ చరఖా మీద ఒక వ్యాసం రాశారు. ఒకే కదలికను మనసు పెట్టకుండా పదేపదే చేస్తే మనిషి యంత్రమవుతాడన్నది అందులోని ఒక అభ్యంతరం. పైగా అందరూ ఒకే పని చేయాలని ఒకరు చెప్పడం, దాన్ని ప్రశ్నించకుండా దేశమంతా ఒప్పుకోవడం ఆయనకు మరింత భయం కలిగించాయి. ఆయన శరీరశ్రమను తక్కువ చేసిన మనిషేం కాదు. అప్పటికే 1922 నుంచి శ్రీనికేతన్‌లో వ్యవసాయం, చేతివృత్తులు నేర్పిస్తున్నారు. ఆయన పట్టుబట్టింది పనిలో ఎంపిక, కల్పన ఉండాలని.

నయీ తాలీమ్‌కు పాఠ్యప్రణాళిక తయారుచేసిన సంఘానికి అధ్యక్షుడు జాకిర్ హుస్సేన్. తర్వాత రాష్ట్రపతి అయిన ఆయన పుట్టింది హైదరాబాద్‌లోనే. ఆయన సంఘం బడి రోజును ఐదున్నర గంటలుగా లెక్కగట్టి, అందులో 3 గంటల 20 నిమిషాలు వృత్తికి కేటాయించింది. మాతృభాషకు దక్కింది 40 నిమిషాలు. ఈ కొలత ఇప్పుడు చూస్తే ఎక్కువే అనిపిస్తుంది. కానీ అదే నివేదికలో ఒక హెచ్చరిక కూడా ఉంది: వస్తువుల అమ్మకం మీద దృష్టి పడితే, ఉపాధ్యాయులు పిల్లలతో వీలైనంత పని చేయించుకోవడానికే చూస్తారు, చదువు వెనకబడుతుంది. బడి ఖర్చు పిల్లల ఉత్పత్తితోనే గడవాలన్న గాంధీ ఆశను ఆర్థికవేత్త కె.టి. షా సదస్సులోనే వ్యతిరేకించారు. ఈ ఒక్క విషయంలో షా వైపే న్యాయం ఉంది. నూలు ఎన్ని చిలపలు వచ్చిందన్నదే లెక్క అయినప్పుడు, దారం ఎందుకు తెగిందో కూర్చుని ఆలోచించే పిల్లవాడు టైము వృథా చేస్తున్నట్టే కనిపిస్తాడు.

1953లో మద్రాసు రాష్ట్రంలో ఈ వాదన మరో మలుపు తిరిగింది. ముఖ్యమంత్రి రాజాజీ గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో చదువును రోజుకు మూడు గంటలకు కుదించి, మిగతా సమయం పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలన్నారు. ఆ పథకం వచ్చేనాటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. పైకి చూస్తే ఇది గాంధీ మాటలాగే ఉంటుంది. కానీ వార్ధా ప్రణాళికలో ఏ కులం పిల్లవాడైనా ఒకే తకిలీ పట్టాలి. రాజాజీ పథకంలో చాకలి కొడుకు బట్టలుతకాలి, మంగలి కొడుకు కత్తి పట్టాలి. పెరియార్, ద్రవిడ ఉద్యమం దీన్ని కులవృత్తి చదువని పిలిచి పోరాడాయి. 1954లో రాజాజీ దిగిపోయారు, తర్వాత వచ్చిన కామరాజ్ పథకాన్ని రద్దు చేశారు. పనిలోంచి ఆలోచన పుట్టాలంటే ఆ పని పుట్టుకతో అంటగట్టింది కాకూడదని ఆనాటి జనానికి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత ప్రభుత్వాలు పనిని వదల్లేదు కానీ పలచన చేశాయి. కొఠారీ కమిషన్ 'పని అనుభవం' అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్ని 'సామాజికంగా ఉపయోగపడే ఉత్పాదక పని'గా మార్చింది. ఆ పేరులోని ఇంగ్లీషు పొడి అక్షరాలు ఎస్‌యూపీడబ్ల్యూకి పిల్లలు పీరియడ్ దండగ అనే అర్థం వచ్చేలా వేరే విస్తరణ చెప్పుకొని నవ్వుకునేవారు. చాలా బడుల్లో జరిగింది కూడా అదే.

రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ 1990లలో ఇందుకు భిన్నమైన చోటు నుంచి మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా, పిల్లవాడూ బాలకార్మికులే అన్నది దాని సూత్రం. ఇంటి పని, అమ్మ వెంట చేనికి పోవడం కూడా ఆ లెక్కలోకే వస్తాయి. వృత్తి విద్యను ఇష్టపడేవారికి ఇది మొండితనంగా తోచవచ్చు. కానీ 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించినప్పుడు, బడి వేళల తర్వాత, సెలవుల్లో పిల్లలు ప్రమాదకరం కాని కుటుంబ వ్యాపారాల్లో సాయపడవచ్చని వెసులుబాటు ఇచ్చారు. పనిలో పిల్లలు నేర్చుకుంటారన్న మాట మంచి ఉద్దేశంతో మొదలై ఎక్కడికి చేరగలదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

సంచీ లేని పది రోజులను ఈ నేపథ్యంలో చూడాలి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే మహిళలు పత్తిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు. అందులోని సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. ఒక తరగతిని అక్కడికి తీసుకెళ్లి, ఫొటోలు తీయించి, అందరి చేతా కాసేపు రాట్నం తిప్పించి వెనక్కి తీసుకురావచ్చు. అదొక విహారయాత్ర. లేదా ఇనప దువ్వెనతో ఒక గుప్పెడు, దవడ ఎముకతో ఒక గుప్పెడు పత్తిని పిల్లల చేతే దువ్వించి, రెండింటితోనూ దారం తీయించి, ఎక్కడ తెగుతోందో లెక్క రాసుకోమనవచ్చు. ఆ లెక్క చూసి మాస్టారు అనుకున్నది తప్పని తేలినా ఇబ్బంది లేదు. అలాంటి రోజుకు తయారైన ఉపాధ్యాయుడు కావాలి, వస్తువులకు డబ్బు కావాలి, పాడైపోయిన పత్తికి ఎవరూ మందలించని వాతావరణం కావాలి. నూలు వడికే ఆమెకు ఆ రోజు కూలి పోకుండా, పాఠం చెప్పినందుకు పారితోషికం అందాలి. తరగతిలో ఆమె మనవరాలు కూడా ఉంటే, ఆ పిల్లను 'నీకు వచ్చుగా' అని పక్కన కూర్చోబెట్టకుండా, ఆ పది రోజుల్లో వడ్రంగి దగ్గరకో కంప్యూటర్ రిపేరు చేసే చోటుకో పంపాలి.