షిఫ్టుకు వెళ్లే మగవాడి సంచి: సొగసు సరే, భద్రత మాటేమిటి?

గోదావరిఖని: సంచి అంటే ఏముంది, సామాను పట్టేదే గదా అనుకుంటారు చాలామంది. బట్టల దుకాణం వారు ఉచితంగా ఇచ్చిన సంచి, పాత ప్యాంటు కోసి కుట్టించిన సంచి, కొడుకు బడికి వాడి వదిలేసిన సంచి... చేతికి ఏది దొరికితే అది భుజాన వేసుకుని బయలుదేరడం మగవారికి పరిపాటి. కాని బొగ్గుబాయి పనికి వెళ్లే మనిషికి వారంలో ఆరు రోజులు ఇంటినుంచి తోడు వచ్చేది సంచే. సద్ది అందులోనే, నీళ్లు అందులోనే, తువ్వాలు అందులోనే. దాని ఎంపికలో అశ్రద్ధ చేస్తే భుజం నొప్పితో మొదలై ప్రాణాపాయం దాకా వెళ్లే సందర్భాలు లేకపోలేదు.

సద్దిమూట నుంచి బ్యాగు దాకా

సింగరేణి బొగ్గు తవ్వకం ఇల్లందు ప్రాంతంలో 1889లో మొదలై, 1960 దశకం ఆరంభానికి ఈ గోదావరి ఒడ్డుకు చేరింది. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతు బిడ్డలు, కూలీలు తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపిన రోజులవి. గుడ్డలో కట్టిన సద్ది, అల్యూమినియం గిన్నె, అంతకు మించి సరంజామా లేదు. తరువాత ప్లాస్టిక్ వైరుతో అల్లిన బుట్టలు, రెక్సిన్ బ్యాగులు వచ్చాయి.

ఇప్పుడు కాలం మారింది. తట్టా చెమ్మస్ చోట యంత్రాలు వచ్చాయి. 1990 దశకం తొలినాళ్లలో లక్షకు పైగా ఉన్న కార్మికులు నేడు నలభై వేల ప్రాంతానికి తగ్గారు. తండ్రి ఉద్యోగం అందుకున్న యువకులలో డిగ్రీ, ఐటీఐ చదివినవారు ఎందరో ఉన్నారు. స్నేహితుల ముందు వైరు బుట్ట పట్టుకోవడానికి వారికి మొహమాటం. అందంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. అయితే అద్దాల షోకేసులో బాగున్నదల్లా బాయిలో బాగుంటుందని చెప్పలేము.

ముందు బరువు చూసుకోండి

సంచి కొనే ముందు అందులో ఏమేమి పెడతారో ఒకసారి నేలమీద పరచి చూసుకోవాలి. రెండు లీటర్ల నీళ్లంటేనే రెండు కిలోలు. మూడు గిన్నెల స్టీలు టిఫిను అన్నం కూరలతో కలిపి కిలోన్నర దాటుతుంది. తువ్వాలు, మార్చుకునే జత బట్టలు కలిపితే మొత్తం నాలుగైదు కిలోలకు తక్కువ కాదు. ఇక సంచే కిలో బరువు ఉంటే అది దండుగ మోత. ఖాళీ సంచి ఎంత తేలికగా ఉంటే అంత మేలు.

బడిపిల్లల సంచి వారి శరీర బరువులో పదో వంతు మించరాదని 2020 నాటి కేంద్ర విధానం చెబుతున్నది. పెద్దలకు అలాంటి హద్దు ఎవరూ గీయలేదు. కాని ఒకే భుజాన ఏళ్ల తరబడి మోస్తే మెడ, నడుము ఊరుకోవు. భుజం పట్టీ సన్నని తాడులా ఉండరాదు. కనీసం మూడు వేళ్ల వెడల్పు ఉండాలి. రెండు భుజాలకూ తగిలించుకునేదైతే బరువు సమంగా పడుతుంది.

చేతులు ఖాళీగా ఉండాలి

ఇంక్లైన్ బాయిలో దిగేవారి సంగతి వేరు. నడుము బెల్టుకు అప్పటికే క్యాప్‌ల్యాంపు బ్యాటరీ, సెల్ఫ్ రెస్క్యూయర్ ఉంటాయి. పొగ, విషవాయువు కమ్మినప్పుడు ప్రాణం నిలిపేది ఆ సెల్ఫ్ రెస్క్యూయరే. దానికి అడ్డంగా సంచి వేలాడితే అత్యవసరంలో చేయి దానిమీద పడదు. కనుక సంచి నడుము దగ్గర ఊగులాడకుండా వీపుకు అంటిపెట్టుకుని ఉండాలి. వాలులో నడిచేటప్పుడు, చెయిర్‌లిఫ్టు మీద కూర్చునేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండటం ముఖ్యం.

మరో సంగతి. కొత్తరకం బ్యాగులకు బిగించుకునే పట్టీల కొసలు జానెడు వేలాడుతుంటాయి. బొగ్గు మోసే బెల్టు కన్వేయర్ పక్కన నడిచేవారికి ఇవి మహా ప్రమాదం. తిరిగే రోలరు పట్టీ కొసను అందుకుంటే మనిషిని లాగేస్తుంది. సంచి కొన్న రోజే ఆ కొసలు కత్తిరించి కుట్టించుకోవాలి.

జేబులు ఎక్కువైతే చిక్కు

పది జేబులున్న బ్యాగు చూస్తే కుర్రకారుకు ముచ్చట. బాయికి మాత్రం అది పనికిరాదు. బీడీలు, సిగరెట్లు, అగ్గిపెట్టె, లైటరు భూగర్భ గనిలోకి తీసుకువెళ్లడం చట్టరీత్యా నిషిద్ధం. దిగే ముందు తనిఖీ చేసేది అందుకే. ఆదివారం పెండ్లికి తీసుకువెళ్లిన బ్యాగులో, ఏదో మూల జేబులో మరిచిన అగ్గిపెట్టె సోమవారం ఉదయం బాయిలోకి దిగితే ఆ తప్పు ఒక్కడితో పోదు. మీథేన్ వాయువు గాలిలో 5 నుంచి 15 శాతం దాకా కలిసి ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. 1965 మే 28న నాటి బీహారులోని ధోరీ బొగ్గుగనిలో జరిగిన పేలుడు 268 మందిని బలిగొన్నది. ఇప్పుడు ఆ ప్రాంతం జార్ఖండ్‌లో ఉంది.

అందుచేత బాయి సంచికి ఒక పెద్ద అర, నీళ్ల సీసాకు ఒక జేబు చాలు. తలకిందులు చేసి దులిపితే అన్నీ కిందపడేలా ఉండాలి. సెల్‌ఫోను, పవర్‌బ్యాంకు పైనే ఉంచాలి. అన్నిటికన్నా మేలైన పద్ధతి, బాయికి ఒక సంచి, ఊరి ప్రయాణానికి మరొక సంచి పెట్టుకోవడం.

గుడ్డా, రెక్సినా, తోలా?

తోలు సంచి హుందాగా ఉంటుంది. ఆఫీసు పనికి సరే. చెమటకు, బాయి తేమకు మాత్రం బూజు పడుతుంది. రెక్సిన్ కొత్తలో మెరుస్తుంది గాని, 45 డిగ్రీలు దాటే రామగుండం ఎండలకు పెచ్చులూడుతుంది. మందపాటి కాన్వాసు గుడ్డ ఏళ్ల తరబడి మన్నుతుంది, ఉతుక్కోవచ్చు. వానకు తడవడం ఒక్కటే దాని లోపం. నైలాను తేలిక, త్వరగా ఆరుతుంది. వానాకాలం రెండో షిఫ్టువారికి అది అనువు.

జిప్పు పళ్లు సన్నగా ఉంటే బొగ్గు దుమ్ము పట్టి నెలలో మొరాయిస్తుంది. లావు పళ్ల జిప్పు, లేదా పైన మూత వేసి బకిలు పెట్టేది ఎంచుకోండి. జిప్పు బిగిస్తే కొవ్వొత్తి ముక్కతో రుద్దితే కదులుతుంది. పట్టీ సంచితో కలిసే చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా అడ్డకుట్టు వేసి ఉందో లేదో చూడండి. సంచి తెగేది ఎక్కువగా అక్కడే. కొనడానికి వెళ్లేటప్పుడు మీ టిఫిను, నీళ్ల సీసా వెంట తీసుకువెళ్లి, అందులో పెట్టి, భుజాన వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తే దుకాణదారు చెప్పేదానికన్నా ఎక్కువే తెలుస్తుంది.

నలుపు మీది మోజు

మాసినా కనిపించదని నల్ల సంచి కొనేవారే ఎక్కువ. రాత్రి షిఫ్టుకు సైకిలు మీదో, మోటారు సైకిలు మీదో వెళ్లేవారికి అదే శత్రువు. రాజీవ్ రహదారి మీద వెనుకనుంచి వచ్చే లారీ డ్రైవరుకు నల్ల సంచి, నల్ల చొక్కా చీకట్లో కలిసిపోతాయి. పసుపు, నారింజ రంగు సంచి నచ్చకపోతే నల్లదానికే వెనుకవైపు వెలుతురు పడితే మెరిసే టేపు రెండు బెత్తెలు కుట్టించుకోండి. సంచిని హ్యాండిలుకు తగిలిస్తే బండి ఒకవైపు లాగుతుంది. పట్టీ చక్రంలో చిక్కే ప్రమాదమూ ఉంది.

ఇంటికి చేరాక

షిఫ్టు దిగిన సంచిలో బొగ్గు దుమ్ము ఉంటుంది. అది ఊపిరితిత్తులకు చేటని బాయి మనుషులకు వేరే చెప్పనక్కర లేదు. దానిని వంటింట్లో గుంజకు తగిలించకుండా వసారాలోనే ఉంచాలి. బయట దులిపి, వారానికి ఒకసారి ఉతికి ఎండలో ఆరవేయాలి. పిల్లల పుస్తకాలు, ఇంటి బియ్యం అందులో పెట్టరాదు.

పల్లెల్లో యూరియా బస్తాలు కోసి సంచులు కుట్టుకోవడం కద్దు. వాటిని గడ్డికి, పిడకలకు వాడుకోవచ్చు గాని సద్దికి, కూరగాయలకు వాడవద్దు. పురుగుమందు సంచుల జోలికి అసలే పోవద్దు. సంతకు వెళ్లే రైతు కూడా ఇంటినుంచే గుడ్డ సంచి తీసుకువెళ్లడం మంచిది. 120 మైక్రాన్లకన్నా పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషేధించారు.

పాత ప్యాంటు సంచిని కూడా తక్కువ చేయనక్కర లేదు. గుడ్డ గట్టిదైతే, వెడల్పు పట్టీ వేసి, అడుగున రెండు పొరలు కలిపి కుట్టించి, వెనుక మెరిసే టేపు పెట్టిస్తే బజారు సంచికి అది ఏమాత్రం తీసిపోదు. ఊరి దర్జీ ఒక పూటలో కుట్టి ఇస్తాడు.