మా ఇంటి స్లాబు, కువైట్ యుద్ధం

మన హాస్టల్లో ఎవరైనా "మా డాడీ యుద్ధం చూశాడు" అంటే వెంటనే గుర్తొచ్చేవి యూనిఫాం, మెడల్స్, జులై 26న పెట్టే కార్గిల్ స్టేటస్. మా నాయిన దగ్గర అవేవీ లేవు. 1990లో ఆయన కువైట్‌కు సెంట్రింగ్ పని కోసం పోయిన ఇరవై రెండేళ్ల కుర్రాడు. తుపాకీ పట్టింది లేదు, కవాతు చేసింది లేదు. అయినా మా ఇంట్లో ఏ శుభకార్యం కథ చెప్పాలన్నా ఆ యుద్ధం దగ్గర మొదలుపెట్టాల్సిందే. మేనత్త పెళ్లి ఎందుకు లేటయింది, ఇంటికి స్లాబు ఎప్పుడు పడింది, జామతోటకు బోరు ఎట్లా వచ్చింది, అన్నిటికీ జవాబు అక్కడే ఉంది.

మొన్న అక్క పెళ్లికి మన బ్యాచ్ నుంచి నలుగురు కోహీర్ వచ్చారు. భోజనాలయ్యాక పందిట్లో కూర్చున్నప్పుడు మావాడొకడు "అంకుల్, ఎయిర్‌లిఫ్ట్ సినిమా మీ కథేనా?" అని అడిగేశాడు. నాయిన నవ్వి, "సినిమాల విమానం ఉంది బిడ్డా. మేము ఆ విమానం కాడికి చేరేటందుకే నలభై దినాలు పట్టింది" అన్నాడు. ఆ నలభై రోజుల సంగతి, ఆ తర్వాత ఏడేళ్లకు వచ్చిన పైసల సంగతి చెప్తుంటే నలుగురూ ఫోన్లు పక్కన పెట్టి విన్నారు. మిగతావాళ్లకు కూడా చెప్పమన్నారు. సరే, మొదటి నుంచి చెప్తా.

1990 ఆగస్టు 2, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. చిన్న దేశం. రెండు రోజులు తిరిగేలోపు అంతా అయిపోయింది. అక్కడి అమీర్ సౌదీ అరేబియాకు వెళ్లిపోయాడు. ఆగస్టు నెల దాటకముందే సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఇరాక్‌లో పందొమ్మిదో రాష్ట్రంగా ప్రకటించాడు. అప్పటికి అక్కడ మన దేశం వాళ్లు లక్షా డెబ్బై వేలకు పైనే ఉన్నారు. కేరళ వాళ్లు ఎక్కువ. కడప, గోదావరి జిల్లాల నుంచి పోయిన వాళ్లు, మన తెలంగాణ కూలీలు, డ్రైవర్లు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు కూడా ఉన్నారు.

పాశ్చాత్య దేశాల వాళ్లను ఇరాక్ కదలనివ్వలేదు. కొందరిని ముఖ్యమైన స్థావరాల దగ్గర బందీలుగా పెట్టింది. మనవాళ్లను అట్లా పట్టుకోలేదు, ఎందుకంటే ఇరాక్‌తో మనకు పాత స్నేహం. ఆగస్టులోనే మన విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లి సద్దాంను కలిశారు. ఇద్దరూ కౌగిలించుకున్న ఫొటో మీద అప్పట్లో చాలా విమర్శలు వచ్చాయి. నాయిన లెక్క మాత్రం వేరు: "ఎవరేమన్న అనుకోనీ, ఆ కౌగిలింతతోనే మాకు రోడ్డు తెరుచుకున్నది."

పట్టుకోలేదు కదా అని బతుకు గడవదు. పని ఆగింది, జీతం ఆగింది. నాయిన కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మొదటి వారంలోనే కుటుంబంతో సౌదీ వైపు వెళ్లిపోయాడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉండిపోయింది. అప్పట్లో గల్ఫ్ పోయిన కూలీల్లో చాలామంది పరిస్థితి ఇదే. ఇక దాచుకున్న డబ్బు. యుద్ధానికి ముందు ఒక కువైట్ దినార్ అంటే దాదాపు 60 రూపాయలు. ఇరాక్ వచ్చి దాన్ని ఇరాకీ దినార్‌తో సమానమంది, ఆ తర్వాత అసలు చెల్లదనేసింది. మన నోట్ల రద్దుకు కనీసం బ్యాంకు ముందు లైన్లయినా ఉన్నాయి. నాయిన దగ్గర పరుపులో కుట్టి పెట్టుకున్న దినార్లు ఉండె. వాటిలో కొన్నిచ్చి కుబ్బూస్ రొట్టెలు, నీళ్ల డబ్బాలు కొన్నారు. మిగిలినవి బస్సువాడికి పోయాయి.

బస్సు ఎందుకంటే, కువైట్ నుంచి నేరుగా విమానం లేదు. ఎయిర్‌పోర్టు ఇరాక్ చేతిలో ఉంది. దారి ఒక్కటే: కువైట్ నుంచి బస్రా, అక్కడి నుంచి బాగ్దాద్, బాగ్దాద్ నుంచి ఎడారి మీదుగా జోర్డాన్ సరిహద్దు, చివరికి అమ్మాన్ నగరం. వెయ్యి కిలోమీటర్లు దాటిన రోడ్డు, అదీ ఎండాకాలంలో. సరిహద్దు దగ్గర ఎన్నో దేశాల వాళ్లు ఒకేసారి వచ్చి పడటంతో ఎడారిలో గుడారాలు వేశారు. నాయిన అక్కడ తొమ్మిది రాత్రులు ఉన్నాడు. ఆయన చెప్పేది బాంబుల గురించి కాదు, నీళ్ల ట్యాంకర్ గురించి. ట్యాంకర్ వచ్చే టైముకు లైన్‌లో చెప్పులు పెట్టేవాళ్లట. చెప్పులు పోతాయని ఒకరు కాపలా. నిజామాబాద్ వాళ్లు, కడప వాళ్లు కలిసి వంతులు వేసుకున్నారు. పాస్‌పోర్టు లేని వాళ్లకు మన ఎంబసీ తాత్కాలిక కాగితం ఇచ్చింది. ఆ కాగితం మీద జోర్డాన్ వాళ్లు ముద్ర వేశారు. ఈ ముద్రను గుర్తుపెట్టుకోండి.

అమ్మాన్ నుంచి బొంబాయికి ఎయిర్ ఇండియా విమానాలు నడిచాయి. ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ దాకా, 59 రోజుల్లో 488 ట్రిప్పులు, లక్ష మందికి పైగా ప్రయాణికులు. పౌర విమానాల్లో జరిగిన అతి పెద్ద తరలింపుగా ఇది గిన్నిస్ రికార్డుకెక్కింది. సినిమాలో అక్షయ్ కుమార్ వేసిన వ్యాపారి పాత్ర కల్పితం. అక్కడ మనవాళ్ల కోసం నిజంగా తిరిగిన మ్యాథ్యూస్, వేదీ లాంటి వాళ్ల నుంచి తీసుకున్నది. ప్రభుత్వం పట్టించుకోలేదన్నట్టు చూపించారని అప్పటి విదేశాంగ శాఖ వాళ్లు నొచ్చుకున్నారు కూడా. సినిమా సినిమానే అనుకోండి.

బొంబాయిలో దిగి, హైదరాబాద్ బండెక్కి, వికారాబాద్‌లో మారి, పర్లి లైను ప్యాసింజర్‌లో కోహీర్ స్టేషన్‌లో దిగాడు నాయిన. చేతిలో ఒక బ్యాగు. ఇక్కడిదాకా చెప్తే కథ సుఖాంతం. స్నేహితులతో చెప్పేటప్పుడు చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మా ఇంట్లో కూడా చాలా ఏళ్లు ఇక్కడే ఆపారు.

నాయిన వీసా కోసం ఏజెంటుకు కట్టింది మిత్తికి తెచ్చిన పైసలు. యుద్ధం వచ్చిందని మిత్తి ఆగదు. ఆ ఏడు మా మేనత్తకు సంబంధం ఖాయమై, పూలు పండ్లు కూడా అయిపోయి ఉన్నాయి. కట్నం కువైట్ పైసలతోనే అన్నది మాట. వట్టి చేతులతో వచ్చిండని తెలిసిన పది దినాలకు అవతలి వాళ్లు తప్పుకున్నారు. అత్తకు పెళ్లయింది 1993లో. మా అమ్మానాన్నలది 1996లో, అప్పు తీరినంక. ఇది రాయాలా వద్దా అని అత్తనే అడిగాను. "రాయి. నా పేరు రాయకు. ఆ సంబంధపోళ్ల ఊరు పేరు కూడా రాయకు, వాళ్ల పిల్లలు కూడా ఇంజనీరింగే చదువుతున్నరేమో" అంది.

మా ఒక్క ఇంట్లోనే కాదు, దేశం ఇంట్లో కూడా ఆ ఏడు కష్టమే. చమురు ధర కొన్ని నెలల్లోనే రెండింతలు దాటింది, గల్ఫ్ నుంచి వచ్చే డబ్బు పడిపోయింది. అసలే బలహీనంగా ఉన్న విదేశీ మారక నిల్వలు ఇంకా కరిగిపోయి, 1991లో 47 టన్నుల బంగారాన్ని విదేశీ బ్యాంకుల్లో తాకట్టు పెట్టారు. మన ఎకనామిక్స్ సిలబస్‌లో ఒక్క లైనులో వచ్చే "గల్ఫ్ సంక్షోభం" ఇదే.

ఇప్పుడు స్లాబు దగ్గరికి వద్దాం. 1991లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 687వ తీర్మానంలో, కువైట్ ఆక్రమణ వల్ల జరిగిన నష్టానికి ఇరాకే బాధ్యురాలని తేల్చింది. పరిహారం పంచడానికి జెనీవాలో ఒక కమిషన్ పెట్టారు. అర్జీలను 'ఎ' నుంచి 'ఎఫ్' దాకా ఆరు రకాలు చేశారు. పెద్ద కంపెనీలు, ప్రభుత్వాలు చివరి రకాల్లో. మొదటిదైన 'ఎ' మాత్రం మా నాయిన లాంటి వాళ్ల కోసం. ఎంత పోగొట్టుకున్నావని అడగరు. 1990 ఆగస్టు 2 నుంచి 1991 మార్చి 2 మధ్యలో కువైట్ నుంచో ఇరాక్ నుంచో వెళ్లిపోవాల్సి వచ్చిందని చూపిస్తే చాలు. ఒక్కరికి 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇంకే రకంలోనూ అర్జీ పెట్టమని ఒప్పుకుంటే 4,000, కుటుంబానికైతే 8,000.

నాకైతే ఇందులో నచ్చింది డిజైన్. లక్షల అర్జీలను ఒక్కొక్కటి విచారిస్తే తరాలు పడుతుంది. అందుకే రేటు ముందే ఖాయం చేసి, పేర్లను రాకపోకల రికార్డులతో కంప్యూటర్లో సరిపోల్చి, ఎనిమిది లక్షల మందికి పైగా 'ఎ' రకం పరిహారం ఇచ్చారు. అదీ తొంభైలలో. పెద్ద కంపెనీల కంటే ముందు కూలీల అర్జీలు తేల్చాలన్నది కూడా మొదటే పెట్టుకున్న నియమం.

మన దేశంలో ఈ పని చూడటానికి విదేశాంగ శాఖ ప్రత్యేకంగా కువైట్ సెల్ పెట్టింది. నాయిన అర్జీకి ఆధారం ఆ ఎంబసీ కాగితం, దాని మీది జోర్డాన్ ముద్ర. అది నానమ్మ సందుగలో, పట్టా కాగితాల కింద భద్రంగా ఉంది. కానీ అర్జీ పెట్టగానే పైసలు రాలేదు. పరిహారం రావాల్సింది ఇరాక్ చమురు ఆదాయం నుంచి, ఆంక్షల వల్ల ఇరాక్ చమురు అమ్మకం ఆగిపోయి ఉంది. 1996 డిసెంబర్‌లో ఆహారం, మందుల కోసం చమురు అమ్ముకోనిచ్చే పథకం మొదలయ్యాక, అందులో 30 శాతం కమిషన్‌కు పోయింది. అప్పుడు కదిలింది లైను. ఆ 30 శాతం అక్కడి మామూలు జనం నోటి దగ్గరి నుంచి వచ్చిందే కదా అని అక్క ఒకసారి అంది. నాయిన ఏమీ అనలేదు.

1997లో మొదటి విడత 2,500 డాలర్లు, అప్పటి రేటుకు దాదాపు తొంభై వేల రూపాయలు. ముందు అత్తకు గాజులు చేయించాడు. తర్వాత ఇంటి రేకులు తీసి స్లాబు వేశాడు. సెంట్రింగ్ ఆయనే కట్టుకున్నాడు, కూలి మిగిలింది. మిగిలిన 1,500 డాలర్లు ఇంకొన్నేళ్లకు వచ్చాయి, వాటితో బోరు. కమిషన్ మొత్తం 5,240 కోట్ల డాలర్లు పంచింది. చివరి చెల్లింపు 2022 జనవరిలో జరిగింది, ఆ తర్వాత ఆఫీసే మూసేశారు.

మీ ఇంట్లో ఎవరైనా ఆ రోజుల్లో గల్ఫ్‌లో ఉండి ఉంటే "యుద్ధం ఎట్లా ఉండె?" అని అడగకండి. ఏమీ లేదంటారు. "పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉండె? ఏ బండిలో వచ్చినవ్? అప్పెంత ఉండె?" అని అడగండి. కాగితాలుంటే ఫొటో తీసి పెట్టుకోండి. ఫ్రెండ్స్‌కు చెప్పేముందు ఆ కథలో ఉన్న వాళ్లందరినీ ఒక మాట అడగండి, నాన్నను ఒక్కడినే కాదు.

మళ్లీ కువైట్ ఎందుకు పోలేదని మా నాయినను చాలాసార్లు అడిగాను, మాట మార్చేస్తాడు. చివరికి అమ్మ చెప్పింది: "పోదామనే ఉండె. 1992ల వీసా కూడా వచ్చిందంట. మీ నానమ్మ ఆ కాగితాలన్నీ సందుగల పెట్టి తాళంచెవి ఇయ్యలే."