అద్దాల అర... ఆంప్లిఫయర్ బరువు

పగిలినా ఒళ్లు కోయదన్న భరోసా వేరు, పగలకుండా బరువు మోస్తుందన్న భరోసా వేరు. ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడంలోనే ఉంది ప్రమాదం.

రాత్రి 2.40. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు. హాల్లోంచి పెద్ద చప్పుడు. గ్యాస్ సిలిండర్ పేలిందేమోనని ఇంటిల్లిపాదీ లేచి పరుగెత్తారు. వంటగదిలో అంతా సవ్యంగానే ఉంది. హాల్లో టీవీ స్టాండ్ మధ్య అర మాత్రం లేదు. దానిమీద ఉండాల్సిన 18 కిలోల పాత ఆంప్లిఫయర్ కింది అర అంచును కొట్టుకుని, ముందుకు దొర్లి నేలమీద బోర్లాపడి ఉంది. చుట్టూ కలకండ ముక్కల్లా గాజు. సాయంత్రాలు ఆరేళ్ల పాప బోర్లా పడుకుని హోంవర్క్ చేసుకునేది సరిగ్గా అక్కడే.

ఆ ఇల్లు ఈ విలేకరిదే. ఆంప్లిఫయర్ నాన్నది. అటక మీదినుంచి దింపి, దుమ్ము దులిపి, బాగు చేయించి పెట్టి అప్పటికి ఎనిమిది నెలలు. ఎనిమిది నెలలు నిలబడిన అర ఆ రాత్రే ఎందుకు పగిలింది? దానిమీద కొత్తగా ఎవరూ ఏమీ పెట్టలేదు, ఎవరూ తాకలేదు. ఈ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ వెళితే మధ్యతరగతి ఇళ్ల హాళ్లలో గుట్టుగా పెరుగుతున్న ఓ ప్రమాదం కళ్లకు కట్టింది.

పాత స్టాండ్, కొత్త బరువు

2000లలో గాజు అరల టీవీ స్టాండ్ హోదాకు చిహ్నం. శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ ఫ్లోట్ గ్లాస్ కర్మాగారం మొదలైంది 2000లో. అదే దశకంలో ఢిల్లీ కీర్తినగర్ నుంచి హైదరాబాద్ దాకా ఫర్నిచర్ దుకాణాల్లో టేకు, రోజ్‌వుడ్ షోకేసుల పక్కన నల్లగాజు, స్టీలు గొట్టాల స్టాండ్లు వచ్చి చేరాయి. ఆ తర్వాత టీవీ పలచబడి గోడెక్కింది. స్టాండ్ మాత్రం ఇంట్లోనే మిగిలింది. ఖాళీ అరను చూస్తూ ఊరుకునే అలవాటు మన ఇళ్లలో లేదు కదా.

ఆ ఖాళీలోకే ఇప్పుడు బరువైన ఆడియో పరికరాలు వచ్చి చేరుతున్నాయి. ఒకవైపు హోమ్ థియేటర్ రిసీవర్లు, మరోవైపు ఎల్పీ రికార్డుల మీద మళ్లీ పుట్టిన మోజు. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ, చెన్నై రిచీ స్ట్రీట్, ముంబయి లామింగ్టన్ రోడ్ వంటి ఎలక్ట్రానిక్స్ బజార్లు తెలిసినవాళ్లకు పాత స్టీరియోను బతికించుకోవడం పెద్ద కష్టం కాదు. బతికించాక దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే ఎవరూ ఆలోచించని విషయం.

బరువుల సంగతి చూడండి. 1978 నాటి పయొనీర్ ఎస్ఎక్స్-1980 రిసీవర్ 35.4 కిలోలు. ఈ కాలపు డెనాన్ ఎవిఆర్-ఎక్స్8500హెచ్ 23.3 కిలోలు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకె2 టర్న్‌టేబుల్ 12.5 కిలోలు. డీవీడీ ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్ కోసం కొన్న అరకు ఇవి వేరే జాతి జీవులు. పైగా ఈ బరువు పెట్టె అంతటా సమంగా ఉండదు. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఇనుము, రాగి ముద్ద. అది తరచూ ఒక పక్కకే ఉంటుంది. కాబట్టి 20 కిలోల పరికరానికి నాలుగు కాళ్లున్నా ఒక్కో కాలు మీద ఐదేసి కిలోలు పడతాయనుకోవడం పొరపాటు.

గాజు గుట్టు

ఫర్నిచర్‌లో వాడే గాజు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది మామూలు గాజు. పగిలితే కత్తుల్లాంటి పెంకులవుతుంది. రెండోది టఫెన్డ్ గాజు. దీన్ని 600 డిగ్రీల సెల్సియస్ పైకి వేడిచేసి, రెండువైపులా గాలి కొట్టి గబగబా చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది నెమ్మదిగా చల్లారుతూ కుంచించుకుపోతూ పైపొరను లోనికి బిగించి పట్టుకుంటుంది. గాజు పగలాలంటే ముందు ఈ బిగువును ఓడించాలి. అందుకే ఇది మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్లు బలమైనది. మూడోది లామినేటెడ్ గాజు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలు ఆ పొరకు అతుక్కునే ఉంటాయి. కార్ల ముందు అద్దం ఇదే.

టఫెన్డ్ గాజు బలం ఎక్కడుందో బలహీనతా అక్కడే ఉంది. లోపల నిత్యం ఓ లాగుడు సాగుతూనే ఉంటుంది. పైపొరను దాటి ఒక్క పగులు లోపలికి చేరితే చాలు, పలక మొత్తం ఒక్క క్షణంలో ముక్కలవుతుంది. కరిగిన గాజును నీళ్లలో వేస్తే ఏర్పడే ‘ప్రిన్స్ రూపర్ట్ బిందువులు’ 17వ శతాబ్దంలో లండన్ రాయల్ సొసైటీ శాస్త్రవేత్తలను తికమక పెట్టింది ఇందుకే. తల మీద సుత్తితో కొట్టినా చెక్కుచెదరదు, తోక విరిస్తే మాత్రం మొత్తం పొడైపోతుంది. టఫెన్డ్ పలకకు ఆ తోక దాని అంచే. పలక మధ్య తగిలిన దెబ్బను ఓర్చుకునే గాజు, అంచున పడ్డ చిన్న దెబ్బకు పేలిపోవచ్చు.

మరో కారణమూ ఉంది. గాజు తయారీలో అరుదుగా నికెల్ సల్ఫైడ్ రేణువులు చిక్కుకుపోతాయి. అవి కాలక్రమేణా కొద్దిగా ఉబ్బుతాయి. ఆ రేణువు పలక నడిమి పొరలో ఉంటే నెలలకో, ఏళ్లకో ఏ కారణమూ కనిపించకుండానే గాజు భళ్లున పగులుతుంది. ఇన్నాళ్లూ నిలబడింది కదా అన్న ధీమాకు గాజు విషయంలో అర్థం లేదు. మామూలు గాజు సంగతైతే మరీను. ఎడతెగని బరువు కింద, గాలిలోని తేమ సాయంతో దాని ఉపరితలం మీది సూక్ష్మమైన గీతలు మెల్లగా లోతవుతాయి. కాసేపు మోయగలిగిన బరువును ఏళ్ల తరబడి మోయలేదు.

లెక్క ఏం చెబుతుంది?

ఇంజినీరింగ్ మొదటేడాది విద్యార్థి కూడా చేయగల లెక్క ఇది. రెండు చివర్ల ఆనిక మధ్య 90 సెం.మీ. దూరం, 40 సెం.మీ. లోతు, 8 మి.మీ. మందం ఉన్న గాజు అర నడిమిన 20 కిలోలు పెడితే అది దాదాపు రెండున్నర మి.మీ. కిందికి వంగుతుంది. ఆనికల మధ్య దూరం 60 సెం.మీ.కు తగ్గితే వంగుడు ముప్పావు మి.మీ.కు పడిపోతుంది. దూరం 90 సెం.మీ. గానే ఉండి గాజు మందం 10 మి.మీ. అయితే వంగుడు సుమారు సగమవుతుంది. అంటే పొడవులో, మందంలో కొద్దిపాటి తేడాలే కొంప ముంచుతాయి లేదా నిలబెడతాయి.

చాలామందికి తెలియని సంగతి మరొకటి. టఫెన్డ్ అయినా, మామూలు గాజైనా వంగుడు ఒక్కటే. టఫెన్ చేస్తే బలం పెరుగుతుంది కానీ బిర్రు పెరగదు. తేడా అల్లా పగిలే హద్దులోనే. పైన చెప్పిన 90 సెం.మీ. అర మామూలు గాజుదైతే, శాశ్వతమైన బరువు కింద ఇంజినీర్లు ఒప్పుకునే ఒత్తిడిని అది అప్పటికే దాటేసినట్టు. టఫెన్డ్ అయితే హద్దుకు ఇంకా చాలా దూరంలో ఉంటుంది.

మరి ఈ విలేకరి ఇంట్లోని అర టఫెన్డే. లెక్క ప్రకారం పగలకూడదు. పగిలింది. ఆంప్లిఫయర్‌ను తిరగేసి చూస్తే కారణం దొరికింది. ఒక కాలికి రబ్బరు తొడుగు లేదు. అటకమీదే ఎక్కడో ఊడిపోయినట్టుంది. ఇనుప స్క్రూ తల నేరుగా గాజు మీద ఆనింది. వెనక తీగలు మార్చిన ప్రతిసారీ పరికరాన్ని ముందుకూ వెనక్కూ జరపడంతో ఆ స్క్రూ గాజును గీస్తూ వచ్చింది. లెక్కలో ఉన్నది కిలోలు. గాజును గెలిచింది మాత్రం బియ్యపు గింజంత ఇనుము.

ముద్ర ఉంది, భరోసా ఏది?

భవనాల్లో, సాధారణ అవసరాలకు వాడే సేఫ్టీ గ్లాస్‌కు మన దేశంలో ఐఎస్ 2553 ప్రమాణం ఉంది. సేఫ్టీ గ్లాస్ నాణ్యతపై కేంద్రం 2020లో నియంత్రణ ఉత్తర్వు కూడా తెచ్చింది. మంచిదే. అయితే ఇలాంటి ప్రమాణాలు పరీక్షించేది గాజు పలకను. అది చిన్న ముక్కలుగా పగులుతుందా, దెబ్బకు తట్టుకుంటుందా అన్నది చూస్తాయి. ఆ పలకను ఏ స్టాండ్‌లో ఎంత దూరంలో ఆనించారో, ఏ గొట్టానికి ఏ జిగురుతో అతికించారో, దాని మీద మీరు ఏం పెడతారో ఆ ముద్రకు తెలియదు.

‘సేఫ్టీ’ అన్న మాట మోసం చేసేది ఇక్కడే. టఫెన్డ్ గాజు ముక్కలు చర్మాన్ని లోతుగా కోయవు. ఆ విషయంలో అది సురక్షితమే. కానీ పగిలినప్పుడు అర మొత్తం మాయమవుతుంది. దానిమీది 20 కిలోల ఇనుప పెట్టె ఆసాంతం కిందికి వస్తుంది. కింద పిల్లలుంటే ఆ ముక్కలు కోయకపోవడం ఏపాటి ఓదార్పు?

కొన్ని స్టాండ్లలో గాజు అసలు దేనిమీదా ఆనదు. పలక అడుగున అల్యూమినియం బిళ్లలను అతినీలలోహిత కాంతికి గట్టిపడే జిగురుతో అతికించి, వాటిని గొట్టాలకు బిగిస్తారు. చూడ్డానికి గాజు గాల్లో తేలుతున్నట్టుంటుంది. అక్కడ బరువు మోసేది గాజు కాదు, జిగురు. ఏళ్లు గడిచేకొద్దీ వేడికీ తేమకూ అది ఊడితే ముందస్తు హెచ్చరికంటూ ఉండదు. దుకాణంలో ధర చీటీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఒక్కో అర ఎన్ని కిలోలు మోస్తుందో చెప్పే చీటీ మాత్రం చాలాచోట్ల వెతికినా దొరకదు.

ఏం చేయాలి?

మొదటి సూత్రం పాతకాలపు కిరాణా కొట్టుకు తెలిసిందే. బరువైనది కింద, తేలికది పైన. ఆంప్లిఫయర్, రిసీవర్ నేలకు దగ్గరగా ఉండాలి. వీలైతే గాజు మీద కాకుండా దిట్టమైన చెక్క స్టాండ్ మీద. సబ్‌వూఫర్‌కు గాజు మీద అసలు చోటే లేదు. దాని అదురుకు స్క్రూలు వదులవుతాయి, గాజు కూడా దానితోపాటు మోగి పాట నాణ్యతనూ చెడగొడుతుంది.

గాజు అరే వాడక తప్పకపోతే ముందు తయారీదారు చెప్పిన పరిమితి తెలుసుకోవాలి. ఆ అంకె దొరకకపోతే బరువైన పరికరం అక్కడ పెట్టకపోవడమే మంచిది. అర మూలన చెక్కిన ప్రమాణ ముద్ర ఉందేమో చూడాలి. ముద్ర లేకపోతే దాన్ని మామూలు గాజుగానే లెక్కేసుకోవాలి. అంచుల వెంట వేలుగోటితో నెమ్మదిగా తడిమితే పెచ్చులు తెలిసిపోతాయి. పెచ్చు లేచిన పలకను మార్చేయాల్సిందే. అతికించడం, అరగదీయడం కుదరవు. టఫెన్ చేసిన గాజును ఆ తర్వాత కోయలేరు, రంధ్రం వేయలేరు. కొత్తది కావాలంటే కొలత ప్రకారం కోయించి ఆపైన టఫెన్ చేయించుకోవాలి. ఖర్చుకు వెనకాడకపోతే టఫెన్డ్ పలకలనే లామినేట్ చేసినది మేలు. ఒక పలక పగిలినా రెండోది బరువును ఆపే అవకాశముంటుంది.

లోహం ఎక్కడా గాజును తాకకూడదు. పరికరం నాలుగు కాళ్లకూ రబ్బరు ఉందో లేదో తిరగేసి చూడాలి. స్పీకర్ల మొనదేలిన స్పైక్‌ల కింద బిళ్లలు, ఆ బిళ్లల కింద మెత్తటి పొర తప్పనిసరి. పరికరాన్ని జరపాల్సి వస్తే ఈడ్చకూడదు, ఇద్దరు పట్టుకుని ఎత్తాలి.

బరువు పంచడానికి గాజు మీద చెక్క పలక వేయడం చాలామంది చేసేదే. పరికరమంత చిన్న పలక వేస్తే కాళ్ల ఒత్తిడి పరచుకుంటుందే తప్ప వంగుడు పెద్దగా తగ్గదు. ఈ చివరి ఆనిక నుంచి ఆ చివరి ఆనిక దాకా పరిచిన 18 మి.మీ. మంచి ప్లైవుడ్ సంగతి వేరు. వంగుడును అడ్డుకోవడంలో అది 8 మి.మీ. గాజుకు దాదాపు సమానం. అంటే బరువులో దాదాపు సగం తానే మోస్తుంది.

వేడి సంగతీ మరవకూడదు. ఆంప్లిఫయర్ పైన కనీసం అరచేతి వెడల్పు ఖాళీ ఉండాలి. ఒకచోట బాగా వేడెక్కి పక్కన చల్లగా ఉంటే మామూలు గాజు సుమారు 40 డిగ్రీల తేడాకే చిట్లే ప్రమాదముంది. టఫెన్డ్ 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. దుమ్ము పడకూడదని కప్పే క్రోషా గుడ్డ గాలి రంధ్రాలను మూసేస్తుంది. అది పాత వాల్వ్ రేడియో నాటి ముచ్చట, అప్పుడూ మంచిది కాదు.

ఇంతకీ ఆ అర ఏమైంది? కార్పెంటర్ వచ్చి చూసి, అద్దం అందానికి, చెక్క బరువుకు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పగిలిన గాజు చోట ఇప్పుడు ప్లైవుడ్ పలక ఉంది. ఆంప్లిఫయర్ కింది అరకు దిగింది, అక్కడా ప్లైవుడే. మధ్య అరలో సెట్‌టాప్ బాక్స్, పాప రంగు పెన్సిళ్ల డబ్బా. ప్లైవుడ్ కూడా విరగొచ్చు. కానీ విరగబోయే ముందు కుంగుతుంది, కిర్రుమంటుంది, సర్దుకోవడానికి వ్యవధి ఇస్తుంది. నల్లగాజు స్టాండ్ మధ్యన గోధుమరంగు చెక్క ఎబ్బెట్టుగానే ఉందని వచ్చినవాళ్లంతా అంటున్నారు. నిజమే. కాకపోతే రాత్రి 2.40కి ఇంటిల్లిపాదీ హాయిగా నిద్రపోతున్నారు.